అరిగిన క్లచ్చిని మార్చుట

నేటి ప్రసంగమునకు నేనెన్నుకొన్న విషయము మోటారు కారులోని క్లచ్చి. అందును వేగమునకు పేరుపొందిన జర్మనీదేశపు పోర్షె 911 అను కారులో అరిగిపోయిన క్లచ్చిని తీసి కొత్తది వేయు విధమును గూర్చి చెప్పదలచితిని. పల్లెలయందుండు మనకు ఆ పందెపుగుఱ్ఱము వంటి కారుతో నేమి పని యని మీరడుగవచ్చును. పని యున్నది. మీ యింటి ముంగిట నిలిచియున్న ట్రాక్టరులోను ఈ క్లచ్చియే యున్నది. ఇనుప చక్రములు కట్టి దమ్ము చేయునపుడు అరుగుచున్నదియు ఇదియే. వేగపు కారులో దోషము త్వరగాను స్పష్టముగాను బయటపడును గనుక దానిని ముందుంచుకొని చెప్పుట నాకు సులభము, వినుట మీకు సులభము.

ఇంజను ఎన్నడును నిలువని యెద్దు వంటిది. మనము బండిని ఆపినను అది తిరుగుచునే యుండును. ఆగిన చక్రములతో తిరుగుచున్న ఇంజనును ఒక్కసారిగా బిగించినచో ఏదో యొకటి విరుగవలయును, లేదా ఇంజను ఆగిపోవలయును. ఈ రెండింటిని మెల్లగా కలుపుటకును, వలసినపుడు విడదీయుటకును ఏర్పడినదే క్లచ్చి. ఇంజను చివర ఫ్లైవీలను బరువైన ఇనుపచక్రము తిరుగుచుండును. దానికెదురుగా ప్రెజరు ప్లేటు. ఈ రెండింటి నడుమ ఇరువైపుల రాపిడి పలక లంటించిన పలుచని బిళ్ల యుండును. మనవారు క్లచ్చి ప్లేటనునది ఈ బిళ్లనే. లోతులేని పళ్లెము వంటి స్ప్రింగు ప్రెజరు ప్లేటును నెట్టి బిళ్లను ఫ్లైవీలునకు అదిమిపట్టును. కాలితో పెడలును త్రొక్కినపుడు ఒక బేరింగు ఆ పళ్లెపు స్ప్రింగు నడుమను కదల్చి అదుము వదలించును. బిళ్ల విడుదలయగును, గేరుపెట్టెకు శక్తి పోవుట యాగును.

బిళ్ల పూర్తిగా అంటుకొనులోపల కొంతసేపు జారవలయును. ఆ జారుడే లేనిచో బండి కుదుపు లేకుండ కదలదు. కాని ఆ జారుడునకు వెల యున్నది. ఇంజనును ఒకే వేగమున తిరుగనిచ్చి, నిలిచిన బండిని ఆ వేగమునకు తెచ్చినచో, ఇంజను ఇచ్చిన శక్తిలో సగము మాత్రమే బండికి చేరును. తక్కిన సగము క్లచ్చిలో వేడిగా మారిపోవును. ఇంజను వేగము రెట్టింపైనచో ఆ వేడి రెండింతలు గాదు, నాలుగింతలగును. కావుననే పందెపువానివలె ఇంజనును గర్జింపజేసి పెడలును ఒక్కసారి వదలువాడు ఒక సాయంకాలములో పాడుచేసిన క్లచ్చి, నిదానస్థుని చేతిలో లక్ష కిలోమీటర్లు నడువగలదు.

బలమైన ఇంజనునకు బలమైన అదుము కావలయును. 1984 మొదలు 1989 వరకు వచ్చిన 911 కరేరా కారులో 3.2 లీటర్ల ఇంజను 231 గుఱ్ఱముల బలము నిచ్చుచుండెడిది. అంతటి బలము జారకుండ పట్టుటకు స్ప్రింగు గట్టిగా నుండవలయును; స్ప్రింగు గట్టిదైనచో పెడలు బరువగును. 1986 వరకు ఆ కార్లలో పెడలునకును క్లచ్చికిని నడుమ ఉక్కుతీగ యుండెను. 1987 లో కొత్త గేరుపెట్టెతోపాటు నూనె ఒత్తిడితో పనిచేయు ఏర్పాటు వచ్చి కాలికి కొంత సుఖము కలిగినది.

క్లచ్చి అరిగినదని తెలియుటెట్లు? పై గేరులో, ఎత్తు ఎక్కునపుడు వేగపు పెడలును త్రొక్కిచూడుడు. ఇంజను మ్రోత పెరిగి బండి వేగము పెరుగనిచో బిళ్ల జారుచున్నదన్నమాట. కాలిన వాసన వచ్చును. మరియొక దోషము దీనికి విరుద్ధమైనది: పెడలు అడుగంట త్రొక్కినను గేరు కరకరలాడుచు పడదు. అనగా బిళ్ల విడుదల కాకున్నది. 1978 నుండి 1983 వరకు వచ్చిన 911 ఎస్‌సి అను నమూనాలో ఈ రెండవది తరచుగా కనబడెడిది. గేరుల గలగల వినబడకుండ నుండుటకై బిళ్ల నడుమ రబ్బరు పెట్టిరి. ఏండ్లు గడచిన కొలది ఆ రబ్బరు పగిలి ముక్కలై సందులలో ఇరుకుకొనెను. తరువాత దాని స్థానమున స్ప్రింగుల నడుమగల బిళ్లలే వేయుచు వచ్చిరి. చెవికి ఇంపు కోరి చేసిన పని చేతికి బరువైనది.

ఇక పనికి వత్తము. 911 లో ఇంజను వెనుకభాగమున, వెనుకచక్రముల ఇరుసునకు కూడ వెనుకనుండును. గేరుపెట్టె దానికి ముందుండును. క్లచ్చి రెండింటి నడుమ చిక్కుకొనియున్నది. బిళ్ల వెల కొంచెమే. దానిని చేరుటయే పెద్దపని. గాలితో చల్లబడు పాత 911 కార్లలో ఇంజనును గేరుపెట్టెను కలిపి క్రిందికి దించుట వాడుక. ముందుగా బ్యాటరీ తీగ విప్పుదురు. నూనె వదలుదురు, ఈ కారులో నూనె వేరొక తొట్టిలో నుండును, పది లీటర్లకు పైబడి పట్టును. పెట్రోలు గొట్టము, విద్యుత్తు తీగలు, గేరుకడ్డీ కీలు, చక్రములకు పోవు ఇరుసులు, క్లచ్చితీగ, వేడిగాలి గొట్టములు ఒక్కొక్కటిగా విడదీయుదురు. తుదకు రెండు క్వింటాళ్లకు మించిన ఆ బరువంతయు నాలుగు పెద్ద బోల్టులపై మాత్రమే నిలిచియుండును: రెండు ఇంజను వైపున, రెండు గేరుపెట్టె వైపున.

ఇక్కడ ఒక్క క్షణము నిలువవలయును. ఈ కారు బరువులో హెచ్చుభాగము వెనుకనున్నది. ఇంజను దిగిపోగానే వెనుక తేలికయై ముందు బరువగును. ఆధారములను వెనుకబరువును మాత్రమే తలచి పెట్టియుంచినచో, ఇంజను దిగిన వెంటనే శరీరము ముందునకు ఒరుగును. క్రింద మనిషి యుండును. కావున ముందుచక్రములకు కట్టెదిమ్మలు వేయవలయును. ఇనుప ఆధారముల నాలుగు కాళ్లను చదునైన సిమెంటు నేలపై నిలుపవలయును. జాకీని ఎత్తుటకే గాని మోయుటకు వాడరాదు. ఇటుకలపై బండి నిలిపి క్రింద దూరువారిని నేను చూచియున్నాను. ఇటుక పగులునపుడు ముందుగా చెప్పదు.

ఇంజను, గేరుపెట్టె వేరైన తరువాత క్లచ్చి మూత లోపల నల్లని పొడి కనబడును. ఇదియే నేను ముఖ్యముగా చెప్పదలచిన మాట. చాలకాలము ఈ రాపిడి పలకలను రాతినారతో చేయుచుండిరి. రాతినార మంటకు కాలదు, వేడికి కరగదు, వెల తక్కువ. రాపిడి పనికి అంతకుమించిన పదార్థము లేదని తలచిరి. మన కడప జిల్లా పులివెందుల ప్రాంతమునను పూర్వము దీనిని గనులనుండి త్రవ్వితీసిరి. దాని సన్నని నారలు ఊపిరితో లోనికి పోయి ఊపిరితిత్తులలో నిలిచిపోవును. ఒడలు వాటిని కరిగించుకొనలేదు. వ్యాధి ఆ యేడో మరుసటి యేడో రాదు. ఇరువది, ముప్పది, నలువది ఏండ్లకు వచ్చును. తిత్తులు గట్టిపడి ఊపిరి అందకుండుట ఒకటి, వాటి చుట్టునున్న పొరకు వచ్చు క్యాన్సరు మరియొకటి. యూరపు సమాఖ్యలో 2005 మొదలు రాతినార వాడుక నిషేధింపబడినది. కొత్త కార్ల క్లచ్చిలలో నేడు గాజునారయు ఇతర నారలును జిగురుతో కలిపి వాడుచున్నారు. కాని పాత కారులో, పాత ట్రాక్టరులో, లేదా పాత సరకుగా దొరకిన చౌక బిళ్లలో ఏది యున్నదో చూచి చెప్పగలవాడు లేడు.

ఒక షెడ్డులో పదునేడేండ్ల బాలుడు గాలిగొట్టము పట్టి ఆ పొడిని ఊది శుభ్రము చేయుచుండగా చూచితిని. పొగవలె లేచి షెడ్డంతయు నిండినది. ప్రక్కన మేస్త్రీ టీ త్రాగుచుండెను. బాలుడు దగ్గి నవ్వుకొని మరల ఊదెను. ఆ గాలిలో రాతినార యున్నదని నేను ప్రమాణము చేయలేను. లేదనియు ఎవరును చేయలేరు. ఆ బాలునికి యాబదియేండ్లు వచ్చునాటికి ఆ షెడ్డు ఉండదు, ఆ బండి ఉండదు. కావున ఊదవలదు, పొడిచీపురుతో ఊడ్వవలదు. నీటితో తడిపి, తడిగుడ్డతో తుడిచి, ఆ గుడ్డను సంచిలో కట్టివేయవలయును. ముక్కునకు సన్నధూళిని ఆపు ముసుగు వేసికొనవలయును, తువ్వాలు చాలదు. మీ ఊరి షెడ్డులో మీ మనుమడో మీ పాలేరు కొడుకో పని నేర్చుచున్నచో ఈ మాట మేస్త్రీకి మీరే చెప్పుడు. పెద్దలు చెప్పిన మాటకు ఆతడు చెవి యొగ్గును.

పొడి తీసిన పిమ్మట పరీక్ష. కొత్తబిళ్లపై అరుగుటకు వీలైన మందము రెండు మూడు మిల్లీమీటర్లే. అది పోయి రివిట్ల తలలు పైకి వచ్చినచో అవి ఫ్లైవీలును గీరును. ఫ్లైవీలుపై నీలిమచ్చలు, వెండ్రుకవాసి పగుళ్లు కనబడినచో అది వేడికి కందినదన్నమాట. చదును చేయించవలయును, పగులు లోతైనచో మార్చవలయును. బిళ్లపై నూనె తడి యున్నచో అరుగుదల మాట అటుండనిచ్చి, ఇంజను చివరి సీలును గేరుపెట్టె మొగదలి సీలును చూడుడు. కారణము నుంచి కార్యమును మాత్రము మార్చినచో ఆరునెలలలో మరల ఇదే పని.

బిళ్ల యొక్కటి మార్చి, పాత ప్రెజరు ప్లేటును పాత బేరింగును ఉంచి సొమ్ము మిగిల్చితిమనుకొనువారు కలరు. నా దృష్టిలో ఇది తెలివి గాదు. ఖర్చులో పెద్దభాగము ఇంజనును దించి ఎత్తు కూలియే. వారమునకే పాత బేరింగు అరచుట మొదలిడినచో ఆ కూలి మరల ఈయవలయును. మూడింటిని, సీలులను, ఫ్లైవీలు నడిమి చిన్న బేరింగును ఒక్కమారే మార్చుట మేలు.

బిగించునపుడు బిళ్లకు ముందువెనుకలు కలవు. జర్మనీ బిళ్లలపై గేరుపెట్టె వైపుండవలసిన ముఖమును వారి భాషలో చెక్కియుందురు. తిరుగవేసినచో శ్రమయంతయు వృథా. నడుమ కడ్డీ యొకటి దూర్చి బిళ్లను సరిగా మధ్యకు తెచ్చి, ప్రెజరు ప్లేటు బోల్టులను ఎదురెదురుగా కొంచెము కొంచెముగా బిగింపవలయును. ఒకవైపు ముందు బిగించినచో మూత వంకరపోవును. పళ్లకడ్డీకి గ్రీజు నఖమంత చాలును. ఎక్కువైనది విసిరికొట్టబడి కొత్తబిళ్లపై పడును.

ట్రాక్టరులో ఇంజను దిగదు. బండినే నడుమకు రెండుగా విడదీయుదురు. తక్కినదంతయు ఇంతే. అందు కొన్నింటిలో రెండు క్లచ్చిలుండును: పెడలు సగము త్రొక్కినచో చక్రములాగును, పూర్తిగా త్రొక్కినచో వెనుక పనిముట్టును ఆగును. దమ్ములో సగము త్రొక్కి పాదము దానిపైననే యుంచి నడుపు డ్రైవరు బిళ్లను రోజంతయు కాల్చుచున్నాడు.

కొత్తక్లచ్చి వేసిన తరువాత అయిదారు వందల కిలోమీటర్ల వరకు నెమ్మదిగా నడుపవలయును. రాపిడి పలక ఫ్లైవీలు ముఖమునకు ఒదుగుటకు అంత కావలయును. తీగతో నడచు బండిలో పెడలు పైభాగమున ఆడుటకు కొంచెము చోటు విడువవలయును. ఆ చోటు లేనిచో మీరు త్రొక్కకున్నను బేరింగు త్రొక్కుచునే యుండును. అరుగుదలతో ఆ చోటు తగ్గుచు వచ్చును గనుక నూనె మార్చిన ప్రతిసారి వ్రేలితో నొక్కి చూడుడు. ఇక తీసిన పాతబిళ్లను పిల్లల కాటకు ఈయవలదు. తడిపి, ప్లాస్టికు సంచిలో చుట్టి, సంచిపై లోపలనున్నదేమో వ్రాసి కట్టుడు.