హెచ్‌ఐవీ ఒంట్లో చేసే పని ఏమిటి? మాత్ర ఎందుకు ఆపకూడదు?

(కూచిపూడిలో మండల సమాఖ్య వార్షిక సర్వసభ్య సమావేశంలో ఆరోగ్య ఉపసంఘం తరఫున చేసిన ప్రసంగం)



పొద్దుట్నించి పొదుపులు, బ్యాంకు లింకేజీ, వసూళ్ల లెక్కలు విన్నాం. ఇప్పుడు మేము చెప్పబోయేది మనం గొంతు తగ్గించి మాట్లాడుకునే జబ్బు గురించి. హెచ్‌ఐవీ ఎలా వస్తుందో ఆసుపత్రి గోడల మీద చదివాం. వచ్చాక ఒంట్లో ఏం చేస్తుందో మాత్రం మనలో చాలామందికి తెలియదు. అది తెలియకే కొందరు ‘బాగానే ఉన్నాంగా’ అని మందులు మానేస్తారు. ఇంకొందరు పక్కన కూర్చోవడానికే భయపడతారు.

మన రక్తంలో తెల్ల కణాలుంటాయి. వాటిలో ఒక రకాన్ని సీడీ4 కణాలంటారు. ఊళ్లో దొంగ పడితే కేకేసి అందర్నీ లేపే మనిషి ఉంటాడు చూడండి, వీటి పని అలాంటిదే. ఏదైనా క్రిమి లోపలికొస్తే మిగతా కణాలను లేపి దాని మీదికి పంపుతాయి. హెచ్‌ఐవీ సరిగ్గా ఆ కేకేసే మనిషినే పట్టుకుంటుంది.

ఈ వైరస్ తనంతట తాను పెరగలేదు. సీడీ4 కణంలోకి దూరి, తన జన్యువును ఆ కణం జన్యువులో కలిపేస్తుంది. ఇక ఆ కణం కొత్త వైరస్‌లను తయారు చేయడం మొదలెడుతుంది. కంచే చేను మేయడమంటే ఇదేనమ్మా. ఆ కొత్తవి వెళ్లి మరికొన్ని కణాలను పట్టుకుంటాయి. పట్టుబడినవి చచ్చిపోతూ ఉంటాయి.

సోకిన రెండు నుంచి నాలుగు వారాల్లో కొందరికి జ్వరం, గొంతు నొప్పి, ఒంటి మీద దద్దుర్లు వస్తాయి. మామూలు జ్వరమే అనుకుంటాం. అది తగ్గిపోతుంది. తర్వాత మందు లేకపోయినా ఎనిమిది, పదేళ్ల దాకా పైకి ఏమీ కనపడకపోవచ్చు. మనిషి నాట్లకు వెళ్తుంది, కలుపు తీస్తుంది, వాయిదా కడుతుంది. లోపల మాత్రం కణాలు తరుగుతూనే ఉంటాయి. మనిషిని చూసి ఈ జబ్బు ఉందో లేదో చెప్పలేం. పరీక్ష ఒక్కటే దారి.

ఆరోగ్యంగా ఉన్న మనిషికి ఒక మైక్రోలీటరు రక్తంలో సుమారు 500 నుంచి 1500 దాకా సీడీ4 కణాలుంటాయి. అవి 200 కంటే తగ్గితే ఎయిడ్స్ దశ అంటారు. అప్పటికి కేకేసేవాళ్లు మిగలరు. నోట్లో తెల్లపూత, ఆగని విరేచనాలు, న్యుమోనియా, మెదడు పొరల జ్వరం వస్తాయి. మన దేశంలో అన్నిటికంటే ముందు దాడి చేసేది క్షయ. ప్రాణం తీసేది చాలాసార్లు ఇలాంటి జబ్బులే. వాటికి తలుపు తీసిపెట్టేది హెచ్‌ఐవీ. అందుకే క్షయ వచ్చిన ప్రతివాళ్లూ హెచ్‌ఐవీ పరీక్ష చేయించుకోవాలి.

ఇక మాత్ర సంగతి. ఏఆర్‌టీ మందులు మన దేశంలో 2004 నుంచి ప్రభుత్వం ఉచితంగా ఇస్తోంది. 2017 నుంచి సీడీ4 ఎంత ఉన్నా, జబ్బు తేలగానే మందు మొదలుపెడుతున్నారు. ఇప్పుడు ఎక్కువమందికి ఇచ్చేది మూడు మందులు కలిపిన ఒకే మాత్ర, రోజుకొకటి. వైరస్ తన జన్యువును కణంలో కలపకుండా అది అడ్డుకుంటుంది. కొత్త వైరస్‌ల పుట్టుక ఆగితే సీడీ4 కణాలు మళ్లీ పెరుగుతాయి.

మరి బాగయ్యాక ఎందుకు ఆపకూడదు? ఇంతకు ముందే కలిసిపోయిన జన్యువు కొన్ని కణాల్లో నిద్రపోతూ ఉంటుంది. మందు దాన్ని తీసేయలేదు. మాత్ర ఆపితే కొన్ని వారాల్లోనే అది లేస్తుంది. ఒకరోజు వేసుకుని, ఒకరోజు మానేస్తే వైరస్ ఆ మందుకు అలవాటుపడి లొంగకుండా పోతుంది.

క్రమం తప్పకుండా వాడి, రక్తపరీక్షలో వైరస్ కనపడనంత తగ్గి, అలాగే నిలిచి ఉంటే భార్యాభర్తల కలయిక ద్వారా సోకదు. మందు లేకుంటే తల్లి నుంచి బిడ్డకు సోకే అవకాశం నూటికి 15 నుంచి 45 వరకు ఉంటుంది. గర్భిణిగా ఉన్నప్పుడే మొదలుపెట్టి, పాలిచ్చినన్నాళ్లూ వాడితే 5 కంటే తక్కువకు దింపొచ్చు. అందుకే ప్రతి గర్భిణికీ ఈ పరీక్ష.

ఒకే కంచంలో తిన్నా, ఒకే చాప మీద కూర్చున్నా, దోమ కుట్టినా ఇది సోకదు. తెలిసిందేగా అంటారు. మరి మాత్రలు బియ్యం డబ్బాలో దాచుకోవాల్సిన గతి మన అక్కచెల్లెళ్లకు ఎందుకు పడుతోంది? చాలామంది ఆడవాళ్లకు ఇది కట్టుకున్న భర్త నుంచే వచ్చింది. నింద మాత్రం వాళ్లమీదే పడుతోంది. సంఘంలో తెలిస్తే అప్పు ఇవ్వరేమోనన్న భయంతో ఆసుపత్రికి వెళ్లడం మానేస్తే, ఆ ప్రాణానికి బాధ్యత మనది కాదా?

2017లో వచ్చిన హెచ్‌ఐవీ, ఎయిడ్స్ చట్టం ప్రకారం జబ్బు కారణంగా వివక్ష చూపకూడదు, ఒప్పుకోలు లేకుండా పరీక్ష చేయకూడదు, వివరం బయటపెట్టకూడదు. కాబట్టి ప్రతి సంఘం వచ్చే సమావేశంలో తీర్మానాల పుస్తకంలో రెండు మాటలు రాసుకోవాలని కోరుతున్నాం. అప్పు ఇచ్చేటప్పుడు ఈ జబ్బు ప్రస్తావన తేం. తెలిసిన విషయం గడప దాటనివ్వం.

ప్రభుత్వాసుపత్రుల్లోని ఐసీటీసీ కేంద్రాల్లో పరీక్ష ఉచితం. విజయవాడ, మచిలీపట్నం ప్రభుత్వాసుపత్రుల్లో ఏఆర్‌టీ కేంద్రాలున్నాయి. అనుమానం ఉంటే 1097కు ఫోన్ చేయండి, డబ్బు పడదు. ఒంటరిగా వెళ్లడానికి జంకేవాళ్లుంటే తోడు రావడానికి మేము సిద్ధం. ఎందుకని అడగం.

సెలవు.