ఫోర్‌స్టర్, మసూద్, మన బడి

(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

నేను ఇంజనీరును, సాహిత్యం నా వృత్తి కాదు. కానీ కార్యదర్శిగారు నచ్చిన రచయిత గురించి ఐదు నిమిషాలు మాట్లాడమన్నారు. ఇంగ్లిష్ నవలాకారుడు ఈ.ఎం. ఫోర్‌స్టర్ గురించి చెబుతాను. ఆయనకూ మన హైదరాబాదుకూ సంబంధముంది.

1906లో ఇంగ్లండులో సయ్యద్ రాస్ మసూద్ అనే కుర్రవాడికి ఫోర్‌స్టర్ లాటిన్ పాఠాలు చెప్పాడు. మసూద్ సర్ సయ్యద్ అహ్మద్ ఖాన్ మనవడు. ఫోర్‌స్టర్ అతన్ని ప్రేమించాడు, ఆ మాట చెప్పాడు కూడా. మసూద్ ఆ ప్రేమను తిరిగి ఇవ్వలేకపోయాడు. అయినా స్నేహం తెంచుకోలేదు, వెక్కిరించలేదు.

ఆ స్నేహమే 1912లో ఫోర్‌స్టర్‌ను మన దేశానికి రప్పించింది. 1921లో మళ్ళీ వచ్చి దేవాస్ మహారాజు దగ్గర కార్యదర్శిగా పనిచేశాడు. అప్పటికి మసూద్ నిజాం రాజ్యంలో విద్యాశాఖ డైరెక్టరు. మనలో ఎందరో చదివిన ఉస్మానియా విశ్వవిద్యాలయం స్థాపనలో ఆయనకు పెద్ద పాత్ర ఉంది. దేవాస్ నుంచి ఫోర్‌స్టర్ హైదరాబాదు వచ్చి ఆయన ఇంట్లో ఉన్నాడు. 1924లో వచ్చిన 'ఎ పాసేజ్ టు ఇండియా'ను మసూద్‌కే అంకితమిచ్చాడు. ఏలేవాడూ ఏలబడేవాడూ స్నేహితులు కాగలరా అన్నదే ఆ నవలలోని ప్రశ్న.

ఇద్దరు మగవాళ్ళ ప్రేమ మీద 1913-14లో రాసిన 'మారిస్'ను మాత్రం బతికుండగా అచ్చు వేయించలేదు. అప్పట్లో ఇంగ్లండులో అది నేరం. 1967లో చట్టం మారింది. ఆయన 1970లో చనిపోయాక, 1971లో పుస్తకం వచ్చింది.

మన దేశంలో ఆ రోజు 2018 సెప్టెంబర్ 6న వచ్చింది. 377 సెక్షన్ మీద సుప్రీంకోర్టు తీర్పిచ్చిన సాయంత్రం, షామీర్‌పేటలో లా చదువుతున్న మా అమ్మాయి అడిగింది: "నాన్నా, మీ క్లాసుల అట్లాంటోళ్ళు ఎవ్వరూ లేకుండెనా?"

"లేరమ్మా" అన్నాను. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

మా బ్యాచ్‌లో ఒకడు ఉండేవాడు. పేరు చెప్పను, చెప్పే హక్కు నాకు లేదు. ఇద్దరం సైకిళ్ళ మీద షామీర్‌పేట చెరువుకు పోయేవాళ్ళం. మేడ్చల్ స్టేషన్‌లో మీటర్‌గేజ్ రైలు డబ్బాలు లెక్కపెట్టేవాళ్ళం. అతని నడకకూ మాటకూ క్లాసంతా ఒక పేరు పెట్టింది. పెట్టింది నేను కాదు. కానీ నవ్వాను, నా మీదికి వస్తుందని అతని పక్కన కూర్చోవడం మానేశాను. పదో తరగతి మధ్యలో అతను బడి మానేశాడు. అతని మనసులో ఏముందో నాకు ఈనాటికీ తెలియదు. మేం అడగలేదు, నవ్వాం, అంతే.

ఈ సభకు పిలుద్దామని నంబరు సంపాదించి ఫోన్ చేశాను. తప్పయిందన్నాను. చాలాసేపు మాట్లాడలేదు. "ఇన్నేండ్లకు యాదికొచ్చిన్నారా?" అన్నాడు. వస్తాననలేదు, రాననీ అనలేదు. రాలేదు.

ఇప్పుడు ఇక్కడ పాఠాలు చెబుతున్న టీచర్లకు ఒకటే మనవి. క్లాసులో ఒక పిల్లవాణ్ణి చూసి అందరూ నవ్వుతుంటే, పాఠం ఆపండి. మసూద్ పెద్ద పని ఏదీ చేయలేదు. స్నేహితుణ్ణి స్నేహితుడిగా ఉంచుకున్నాడు. అది నాకు పదిహేనేళ్ళ వయసులో చేతకాలేదు. మన పిల్లలకు చేతకావాలి.

సెలవు.