సుగ్గి పండగ ఎవరిది?

(2025 సంక్రాంతికి ముందు ఎమ్మిగనూరు ప్రాంత రైతుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ ఏడు భోగి, పుష్య పున్నమి ఒక్క రోజే వచ్చాయి. జనవరి 13న ఇంట్లో భోగి, ఎమ్మిగనూరులో నీలకంఠేశ్వరస్వామి తేరు. జాతరకు పోవాలా, ఇంట్లో సజ్జ రొట్టెలు తినాలా అని మా ఇంట్లో పెద్ద పంచాయితీ అయింది. రొట్టెలు మూట గట్టుకొని జాతరకే పోదామని ఆడోళ్లు తీర్పు చెప్పినారు.

మన పక్కనే కర్ణాటక. అక్కడ సంక్రాంతిని సుగ్గి హబ్బ అంటారు. సుగ్గి అంటే కోతల కాలం, పంట ఇంటికొచ్చే కాలం. ఆ మాట మనకూ ఉంది. కోసిగిలోనో, కౌతాళంలోనో తాళమేసిన ఇంటి ముందు నిలబడి "వీళ్లు ఏడికి పోయినారప్పా?" అని అడగండి. "సుగ్గికి పోయినారు" అంటారు. గుంటూరు, పల్నాడు వైపు మిరపకాయలు కోయను పోయినారని దాని అర్థం. వాళ్లు కోసేదీ పంటే, కాకపోతే ఇంకొకరి పంట. పక్క రాష్ట్రంలో పండగకు పెట్టుకున్న పేరు మన దగ్గర వలసకు పేరైంది.

నా చిన్నప్పుడు కల్లంలో జొన్న రాశి పోసి, పూజ చేసి, టెంకాయ కొట్టినాకే గింజ కొలిచేది. వడ్రంగికి, కమ్మరికి, చాకలికి, మంగలికి వాళ్ల వాళ్ల పాలు ఇచ్చి, కూలికొచ్చినోళ్లకు చేటల్లో పోసి, మిగిలింది ఇంటికి తెచ్చేది. పండగ ఆ గింజలతోనే జరిగేది. అప్పుడంతా బాగుండేదని నేను చెప్పడం లేదు. ఆ కల్లంలో దూరంగా నిలబెట్టి పంచిన కులాలూ ఉండేవి. కానీ తిండిగింజ మాత్రం ఊర్లో ఉండేది.

ఇప్పుడు మన పంట పత్తి. పత్తిని కుండలో పొంగించలేం కదా! అది ఆదోని యార్డుకు పోయి, డబ్బయి తిరిగొస్తేనే పండగ. ఈ సీజన్‌కు పొడవు పింజ పత్తికి మద్దతు ధర క్వింటాలుకు 7,521 రూపాయలు. తేమ 8 శాతం ఉంటేనే ఆ ధర. ఆ పైన ఒక్కో శాతానికి ఒక్కో శాతం ధర కోస్తారు. 12 దాటితే అసలు కొనరు. ఈసారి నా పత్తికి 14 చూపించింది. మంచు కాలంలో పొద్దున్నే తీసిన పత్తి, ఇంకేం చూపిస్తుంది? వెనక్కి తెచ్చి ఆరబోద్దామంటే బండి బాడుగ రెండింతలు. పక్కనే వ్యాపారి నిలబడి ఉన్నాడు. ఆయనకే తక్కువకు ఇచ్చేసి వచ్చినా. తేమ కొలిచే మిషన్ ఊర్లోనే ఉంటే, ఇంటి దగ్గరే ఆరబెట్టుకొని పోయేవాణ్ణి.

కనుమకు ఎద్దులను కడిగి, కొమ్ములకు రంగేసే వాళ్లం. మన దిక్కు ఎద్దుల అసలు పండగ ఏరువాక పున్నమే అనుకోండి. అయినా కనుమ నాడు గాడిపాడు ఖాళీగా ఉంటే మనసొప్పదు. రెండేళ్ల కిందట నా జత అమ్మేసినా. అప్పటి నుంచి కనుమకు మా మనవడు ట్రాక్టరుకు పూలదండ వేస్తున్నాడు, అది కూడా బాడుగ ట్రాక్టరుకే!

జల్లికట్టును కోర్టు 2014లో ఆపేస్తే, 2017 జనవరిలో తమిళ యువకులు మెరీనా బీచిలో రోజుల తరబడి కూర్చున్నారు. ఆ నెలలోనే వాళ్ల అసెంబ్లీ చట్టం చేసింది. ఆ ఆట మంచిదా చెడ్డదా అనే వాదన పక్కన పెడదాం. ఎద్దు కోసం అంతమంది కూర్చున్నారే, ఎద్దును మేపే మనిషి ఊరు వదిలిపోతుంటే మనం ఎన్ని రోజులు కూర్చున్నాం?

ఉపాధి పనికి మన రాష్ట్రంలో రోజు కూలి 300 రూపాయలు. ఆ పని పంట పనులు అయిపోగానే, లారీలు ఊర్లోకి రాకముందే మొదలు కావాలి. ఆలస్యమైతే పిల్లలు కూడా బడి సంచి పక్కన పెట్టి లారీ ఎక్కుతారు. ఊర్లో పండగ చేసుకునేది కాళ్లు లాగని ముసలోళ్లు.

కాబట్టి కనుమ మరుసటి రోజు నుంచే కార్యకర్తలు రెండు పనులు చేయాలి. ప్రతి ఊర్లో తాళం పడిన ఇళ్లెన్ని, బడి మానిన పిల్లలెంతమంది అని పుస్తకంలో రాయాలి. పత్తి వెనక్కి తెచ్చుకున్న రైతుల దగ్గర తేమ చీటీ ఉంటే జిరాక్స్ తీసుకోవాలి. నాది జేబులోనే ఉంది, మొదట దాన్నే తీసుకోండి.