ముసురు తగ్గి, కుంభవృష్టి పెరిగి: గోదావరి పరీవాహకంలో అతివృష్టి ధోరణులు

నాసిక్ జిల్లాలోని త్ర్యంబకం వద్ద పుట్టి 1,465 కిలోమీటర్లు ప్రవహించి బంగాళాఖాతంలో కలిసే గోదావరి, సుమారు 3,12,800 చదరపు కిలోమీటర్ల నేల మీద, అంటే దేశ విస్తీర్ణంలో దాదాపు పదోవంతు మీద పడిన వాననీటిని మోసుకువస్తుంది. ఆ వానలో ఎనభై శాతానికి పైగా నైరుతి రుతుపవన కాలంలోనే, జూన్ నుంచి సెప్టెంబరు లోపల కురుస్తుంది. ఈ నాలుగు నెలల్లో మొత్తం ఎంత కురిసిందన్న ప్రశ్న కంటే, అది ఎన్ని రోజుల్లో, ఎన్ని గంటల్లో కురిసిందన్న ప్రశ్నే ఇప్పుడు ముఖ్యమని, సగటును నమ్ముకుని వేసిన లెక్కలు అందువల్లనే తప్పుతున్నాయని చూపడం ఈ ఉపన్యాసం ఉద్దేశం.

ఈ పరీవాహకమంతా ఒకే రకం నేల కాదు. సహ్యాద్రిని వీడగానే నది వర్షచ్ఛాయా ప్రాంతంలోకి, అంటే కొండలు మేఘాలను అడ్డుకోవడం వల్ల వాన కరువైన ప్రాంతంలోకి దిగుతుంది. మరాఠ్వాడలో గోదావరి పేరుకు పెద్దదే గాని నీటికి చిన్నది. దానిని మహాప్రవాహంగా మార్చేవి ప్రాణహిత, ఇంద్రావతి, శబరి. బంగాళాఖాతంలో పుట్టిన వాయుగుండాలు ఒడిశా, ఛత్తీస్‌గఢ్, విదర్భల మీదుగా సాగేటప్పుడు వాటి కేంద్రానికి నైరుతి దిక్కున వాన అత్యధికంగా కురుస్తుంది కనుక, ఈ మూడు ఉపనదుల క్షేత్రాలు చాలాసార్లు సరిగ్గా ఆ వాన కిందికే వస్తాయి. భద్రాచలం వరదకు మూలం భద్రాచలంలో పడిన వాన కాదు.

వాన తీరులోని తేడాను చెప్పడానికి తెలుగులో ముసురు, జడివాన, కుంభవృష్టి అన్న మాటలు ఏనాడో ఉన్నాయి. రోజుల తరబడి సన్నగా పట్టే ముసురు నేలలోకి ఇంకుతుంది, కుంభవృష్టి ఇంకే వ్యవధి లేక వాగులై పారుతుంది. భారత వాతావరణ శాఖ ఇదే తేడాను అంకెల్లో పెట్టింది: 24 గంటల్లో 64.5 మిల్లీమీటర్లు దాటితే భారీ వర్షం, 115.6 నుంచి అతి భారీ వర్షం, 204.5 లేదా అంతకు మించితే అత్యంత భారీ వర్షం.

బి.ఎన్. గోస్వామి బృందం 2006లో ప్రకటించిన అధ్యయనం 1951 నుంచి 2000 వరకు మధ్య భారతంలో తీవ్ర వర్షాల సంఖ్య, తీవ్రత పెరిగాయని, ఓ మోస్తరు వానలు తగ్గాయని, ఒకటి పెరిగి మరొకటి తగ్గడంతో రుతుపవన సగటు మాత్రం పెద్దగా కదలలేదని తేల్చింది. గోదావరి పరీవాహకంలో అధిక భాగం ఆ అధ్యయన పరిధిలోదే. రాక్సీ మాథ్యూ కోల్ బృందం 2017లో, 1950–2015 మధ్య విశాల ప్రాంతాన్ని ఒకేసారి ముంచెత్తే తీవ్ర వర్షాలు మూడింతలయ్యాయని, వేడెక్కిన అరేబియా సముద్రం నుంచి వచ్చే తేమలో హెచ్చుతగ్గులు పెరగడం ఇందుకు కారణమని చూపింది. గాలి ఒక డిగ్రీ సెల్సియస్ వేడెక్కితే అది పట్టి ఉంచగల తేమ సుమారు 7 శాతం పెరుగుతుందన్నది భౌతికశాస్త్ర నియమం. అయితే సుబిమల్ ఘోష్ బృందం 2012లో చెప్పినట్టు, ఈ పెరుగుదల దేశమంతటా ఒకే తీరుగా లేదు. పక్కపక్కనున్న ప్రాంతాలే భిన్నంగా ప్రవర్తిస్తున్నాయి. అందుచేత పరీవాహకం మొత్తానికి ఒకే శాతం చెప్పే నివేదికను సందేహించడమే న్యాయం.

ధోరణిని పరీక్షించేందుకు శాస్త్రజ్ఞులు ఎక్కువగా మాన్–కెండాల్ పరీక్షను వాడతారు. ప్రతి ఏటి విలువనూ ఆ తరువాతి ఏళ్ల విలువలన్నిటితో పోల్చి, పెరిగిన సందర్భాలు ఎక్కువా, తగ్గినవి ఎక్కువా అని లెక్కించే పద్ధతి ఇది. పద్ధతి సులభమే, చిక్కంతా కొలతలోనే ఉంది. 2023 జులై 27 ఉదయంతో ముగిసిన 24 గంటల్లో ములుగు జిల్లా వెంకటాపూర్ మండలం లక్ష్మీదేవిపేటలో 649.8 మిల్లీమీటర్ల వాన నమోదై, 2013లో అదే జిల్లా వాజేడులో నమోదైన 517.5 మిల్లీమీటర్ల రికార్డును దాటింది.  కాని మండలాలలో స్వయంచాలక వాతావరణ కేంద్రాలు వెలసింది ఇటీవలే; వర్షమాపకాలు పెరిగినకొద్దీ రికార్డులు దొరకడమూ పెరుగుతుంది కనుక, ఈ ఒక్క అంకెనే ధోరణికి రుజువుగా చూపడం తొందరపాటు. దశాబ్దాలుగా చోటు మారని పాత కేంద్రాల లెక్కలే అందుకు సాక్ష్యం. మరొక చిక్కు ఏమంటే, వాతావరణ శాఖ లెక్కలో వాన రోజు ఉదయం 8.30కి ముగుస్తుంది; అందువల్ల తెల్లవారుజామున మొదలై పొద్దెక్కేదాకా దంచిన వాన రెండు తేదీల కింద చీలిపోయి, రెండు మామూలు భారీ వర్షాలుగా పుస్తకానికి ఎక్కుతుంది.

పెద్ద నదికి రోజువారీ కొలత కొంత సరిపోవచ్చు, వాగుకు చాలదు. భూపాలపల్లి జిల్లాలో మోరంచపల్లిని 2023లో ముంచిన మోరంచవాగు వంటివి గంటల వ్యవధిలో పొంగుతాయి. కడెం ప్రాజెక్టు చరిత్ర ఇందుకు గట్టి పాఠం: 1958లోనే వరద దాని కట్ట మీదుగా పొర్లింది, 2022 జులైలో సుమారు 3 లక్షల క్యూసెక్కులు వదలగల ఆనకట్టకు 5 లక్షలకు పైగా వచ్చిపడింది. అంటే అతివృష్టి కొత్తది కాదు. దాని తరచుదనాన్ని తక్కువగా అంచనా వేసే అలవాటు కూడా పాతదే.

ఆ అలవాటుకు మూలం ‘నూరేళ్ల వరద’ అన్న మాట. నూరేళ్లకు ఒకసారి వచ్చేదని దాని అర్థం కాదు, ఏ ఏడాదైనా రావడానికి నూటికి ఒక వంతు అవకాశం ఉన్నదని అర్థం. ఆ లెక్కన ముప్పై ఏళ్లలో ఒక్కసారైనా రావడానికి అవకాశం సుమారు 26 శాతం, అదీ వాన స్వభావం మారలేదనుకుంటేనే. భద్రాచలంలో మూడో ప్రమాద హెచ్చరిక 53 అడుగులు కాగా, నీటిమట్టం 1986 ఆగస్టులో 75.6 అడుగులకు, 2022 జులైలో 71.3 అడుగులకు చేరింది. పోలవరం స్పిల్‌వేకు 36 లక్షల క్యూసెక్కుల పాత అంచనాను వదిలి 50 లక్షలకు రూపకల్పన చేయడం వివేకమైన పని. ఆ వివేకం పెద్ద ఆనకట్ట దగ్గరే ఆగిపోయింది. గొలుసుకట్టు చెరువుల్లో పై చెరువు తెగితే కిందివన్నీ వరుసగా తెగుతాయి. అయినా మిగులు నీరు పొర్లిపోయే వాటి అలుగుల వెడల్పు పాత వానల లెక్కే. కనుక మండలాల్లోని వాతావరణ కేంద్రాల గంటవారీ వర్షపాత వివరాలను నీటిపారుదల ఇంజనీర్లకే గాక విద్యార్థులకూ రైతులకూ అందుబాటులో ఉంచాలి. మృగశిర కార్తె రాకముందే ప్రతి గొలుసులో మొదటి చెరువు అలుగును ఆ వివరాలతో తిరిగి లెక్కగట్టాలి.