సెటిల్‌మెంట్ పిల్లలు, మన గేటు

(షోలాపూర్ తూర్పు భాగంలోని నేత కార్మికుల వాడలో, తెలుగు యువజన కూడికలో చేసిన ప్రసంగం)

పక్క గల్లీలో పవర్‌లూమ్‌లు ఆగేలా లేవు, కాబట్టి కాస్త గట్టిగా మాట్లాడతాం. వెనుక గోడకు ఆనుకున్న తమ్ముళ్లు ముందుకు జరగండి.

రాగాల వెంకట్ రాహుల్ పేరు ఎంతమంది విన్నారు? ఇద్దరే. సరే. 2018 ఏప్రిల్‌లో ఆస్ట్రేలియాలోని గోల్డ్‌కోస్ట్‌లో కామన్వెల్త్ క్రీడలు జరిగాయి. వెయిట్‌లిఫ్టింగ్ 85 కిలోల విభాగంలో మొత్తం 338 కిలోలు ఎత్తి మన దేశానికి బంగారు పతకం తెచ్చిన కుర్రాడతను. ఊరు బాపట్ల దగ్గర స్టూవర్టుపురం. ఇప్పుడు అందరి ముఖాలూ మారాయి, చూశారా? కుర్రాడి పేరు తెలియదు గాని ఊరి పేరు తెలుసు. సినిమాలు మనకు అలా నేర్పాయి.

ఆ ఊరు ఎలా పుట్టిందో సినిమాలు చెప్పవు. బ్రిటిష్ ప్రభుత్వం ఎరుకల కుటుంబాలను నేరస్థ జాతి అని రాసుకుని ఒకచోట చేర్చి, చూసుకునే పని సాల్వేషన్ ఆర్మీకి అప్పగించింది. అంటే మన క్రైస్తవులకే. ఇది బాపట్లలో జరిగిన కథ అనుకుని ఊరుకోవడానికి లేదు. మన వాడకు అవతల సెటిల్‌మెంట్ ఫ్రీ కాలనీ ఉంది కదా. రోజూ ఆటోలో దాని మీదుగానే పోతాం. ఆ పేరులో సెటిల్‌మెంట్ ఎందుకుంది, ఫ్రీ ఎందుకుంది అని ఎప్పుడైనా అడిగామా?

1871లో నేరస్థ జాతుల చట్టం వచ్చింది. ఆ చట్టం కింద బిడ్డ పుట్టడమే నేరస్థుడిగా పుట్టేవాడు. షోలాపూర్‌లో అలాంటి కుటుంబాలను ముళ్లకంచె లోపల పెట్టారు. హాజరీ పిలిచేవారు, చీటీ లేకుండా బయటికి రానిచ్చేవారు కాదు. ఆ మనుషులే మన ఊరి మిల్లుల్లో కూలీలుగా పనిచేశారు. ఈ సెటిల్‌మెంట్‌ను ఏళ్ల తరబడి నడిపింది అమెరికన్ మరాఠీ మిషన్. వాళ్లు బడి పెట్టారు, వైద్యం చేశారు, ప్రేమగా చూసినవాళ్లూ అందులో ఉండే ఉంటారు. అయినా తాళంచెవి వాళ్ల చేతిలోనే ఉంది. 1897లో ఆ చట్టానికి ఒక సవరణ చేశారు. నాలుగేళ్లు దాటిన మగపిల్లలను తల్లిదండ్రుల నుంచి విడదీసి వేరే చోట పెట్టే అధికారం ప్రభుత్వానికి ఇచ్చింది అది. నాలుగేళ్లు! మన సండే స్కూల్లో పలక పట్టుకుని ఏడ్చే వయసు.

ఇలాంటి చట్టాలే ఆస్ట్రేలియాలోనూ వచ్చాయి. పశ్చిమ ఆస్ట్రేలియాలో 1905 నాటి చట్టం ఆదివాసీ పిల్లలందరికీ, పదహారేళ్లు నిండేవరకు, ఒక ప్రభుత్వ అధికారిని చట్టబద్ధ సంరక్షకుడిగా చేసింది. కన్నతల్లి బతికి ఉండగానే. తెచ్చిన పిల్లలను ఎక్కడ పెట్టారు? ప్రభుత్వ శిబిరాల్లో, చర్చి మిషన్లలో. 2008 ఫిబ్రవరి 13న ఆ దేశ ప్రధాని కెవిన్ రడ్ పార్లమెంటులో నిలబడి క్షమాపణ చెప్పాడు. మన దేశంలో ఆ చట్టాన్ని 1952లో రద్దు చేశారు. ఆ మనుషులను విముక్తులన్నారు. క్షమాపణ మాత్రం మన సంఘాలు ఒక్క ఆదివారం కూడా చెప్పినట్టు మేము వినలేదు.

ఇక ఇవాళ మనం అనుకున్న విషయం. ఆస్ట్రేలియాలోని పెర్త్ నగరంలో క్లాంటార్ఫ్ అనే చోటుంది. 1901 నుంచి అక్కడ క్రిస్టియన్ బ్రదర్స్ అనాథాశ్రమం నడిపారు. అనాథలు, బ్రిటన్ నుంచి ఓడల్లో తెచ్చిన పిల్లలు అక్కడ పెరిగారు. ఆ పిల్లల మీద జరిగిన అత్యాచారాలను 2014లో ఒక రాయల్ కమిషన్ బహిరంగంగా విచారించింది. అదే ఆవరణలో తర్వాత ఆదివాసీ పిల్లల హైస్కూలు వచ్చింది. 2000లో జెరార్డ్ నీషమ్ అనే ఫుట్‌బాల్ కోచ్ ఆ బడిలోనే ఒక అకాడమీ మొదలుపెట్టాడు. మొదట చేరినవాళ్లు 25 మంది కుర్రాళ్లు. ఇప్పుడు క్లాంటార్ఫ్ ఫౌండేషన్ అకాడమీలు నూరు దాటాయి.

వాళ్ల పద్ధతి వినండి. అకాడమీ బడి లోపలే ఉంటుంది. జట్టులో ఉండాలంటే బడికి రావాలి, సరిగా మెలగాలి. పొద్దున్నే బండి వేసుకుని ఇళ్లకు వెళ్లి కుర్రాళ్లను లేపి తెచ్చేది కోచ్‌లే. ఆటలో చురుకైనవాణ్ణి ఏరుకుని మిగతావాళ్లను వదిలెయ్యడం ఉండదు. చదువు ముగిసి ఉద్యోగంలో కుదురుకునేదాకా వెంట ఉంటారు. అన్నిటికంటే మాకు నచ్చినది, రాత్రికి పిల్లవాడు తన ఇంటికి, తన అమ్మ దగ్గరికి పోవచ్చు. అప్పుడు కంచెలో హాజరీ వేసింది పారిపోకుండా. ఇక్కడ హాజరు వేసేది ఆడడానికి.

ఒక లోపం కూడా చెప్పాలి. ఇది మగపిల్లలకే. డబ్బంతా అబ్బాయిల ఫుట్‌బాల్‌కే పోతోంది, ఆడపిల్లల సంగతేమిటని అక్కడ చాలా ఏళ్లుగా అడుగుతున్నారు. మనవైపు అయితే ఆ ప్రశ్న ఇంకా పెద్దది. మన వాడలో బడి నుంచి వచ్చిన పిల్ల పుస్తకాల సంచి పెట్టి బీడీల చాట ముందు కూర్చుంటుంది. అమ్మ చుట్టాల్సిన లెక్క పూర్తి కావాలి కదా. ఆటకు టైమెక్కడిది ఆ పిల్లకు?

మేము చేసిన తప్పు ఒకటి చెప్తాం, నవ్వకండి. కొన్నేళ్ల కింద మేమంతా కలిసి సెటిల్‌మెంట్ వైపు వెళ్లి క్రికెట్ బ్యాట్లు, టీషర్టులు పంచాం. ఫొటోలు దిగాం, ప్రార్థన చేశాం, వచ్చేశాం. నెల తర్వాత వెళ్తే బ్యాట్లూ లేవు, ఆటా లేదు. ఒక వడ్డెర తల్లి మాత్రం మమ్మల్ని ఆపింది. "అయ్యా, బ్యాటు ఇచ్చిండ్రు, మంచిదే. పిల్లగాణ్ణి బడి నుంచి ఇంటికి పంపిండ్రు. జాతి కాగితం కావాల్నట. అది ఎవరిస్తరు?" అంది. మా దగ్గర జవాబు లేదు. ఆమె మాట్లాడింది తెలుగు. మన తాతలు కరీంనగర్, నల్లగొండల నుంచి మగ్గాలతో పాటు తెచ్చుకున్న తెలుగుకు దగ్గరి తెలుగే. భాష ఒకటే అయినా మన గడప ఆమె తొక్కలేదు, ఆమె గుడిసె వైపు మనం పోలేదు.

కాగితం సంగతి తేలిక కాదు. ఎరుకలవారు ఆంధ్ర, తెలంగాణల్లో షెడ్యూల్డ్ తెగ. వాళ్లకు దగ్గరి చుట్టాలైన కైకాడీలు మహారాష్ట్రలో విదర్భ వైపే షెడ్యూల్డ్ కులం. మన షోలాపూర్‌లో అయితే విముక్త జాతి. వడ్డెరలూ ఇక్కడ విముక్త జాతే. సర్టిఫికెట్ కావాలంటే తాతల కాలపు ఆధారాలు చూపించమంటారు. ఊరూరా రాళ్లు కొట్టుకుంటూ తిరిగిన తాత ఏ ఆధారం దాచి ఉంటాడు? ఆ తల్లి కోసం మేము తహసీల్ ఆఫీసుకు ఎన్నిసార్లు తిరిగామో లెక్కపెట్టలేదు. తిరగడం వల్ల ఒకటి అర్థమైంది. బంతి ఇవ్వడం గంట పని, కాగితం సంపాదించడం ఏడాది పని. ఈ రెండోది చెయ్యనివాడు మొదటిది చెయ్యకపోతేనే మంచిది.

ఇప్పుడు మన ఆవరణ మాట. ఆదివారం తప్ప మిగతా ఆరు రోజులు గేటుకు తాళం. అక్కడ ఖోఖో ఆడిద్దామని మేము అడిగితే పెద్దల్లో కొందరు, "ఆ పిల్లలు లోపలికొస్తే సామాను ఉంటుందా?" అన్నారు. ఇంకొకరు, మనకు బాగా కావలసినవారే, "మా మనవడు వాళ్లతో ఆడడు" అన్నారు. వారి మీద మాకు కోపం లేదు. నూలు ధర పెరిగి, మగ్గం ఆగి, మనవడైనా పైకి వస్తాడని బతికే మనిషి భయం అది. కాని చిన్నబిడ్డలను అడ్డుకున్న శిష్యుల మీద యేసు కోపపడ్డాడని మార్కు రాశాడు. శిష్యులు చెడ్డవాళ్లేం కాదు. గేటు దగ్గర నిలబడ్డారు, అంతే.

ఖోఖోకు పెద్ద ఖర్చు లేదు. రెండు స్తంభాలు, సున్నపు గీత చాలు. బూట్లు అక్కర్లేదు. అమ్మాయిలకు, అబ్బాయిలకు వేరే వేరే జట్లు ఉంటాయి. ప్రతి జట్టులో మన వాడ పిల్లలూ సెటిల్‌మెంట్ పిల్లలూ కలిసే ఉంటారు. దానికి ఒప్పుకోని ఇంటి పిల్లలు రాకపోయినా పరవాలేదు. బడికి వెళ్లిన రోజే ఆట. బడి నుంచి పంపేసిన పిల్లవాణ్ణి మాత్రం ఆట నుంచి పంపం, వాడి కాగితం పని మన మీద ఉంది కాబట్టి. బైబిల్ పాఠం పెడతారా అని ఒక తమ్ముడు అడిగాడు. పెట్టం. ఆట చూపించి ప్రార్థనకు పిలవడం మాకిష్టం లేదు, కంచె లోపల అది చాలా జరిగింది.

డిగ్రీ చదువుతున్న చెల్లెళ్లు నలుగురు సాయంత్రం గంటసేపు లెక్కలు చెప్పడానికి పేర్లిచ్చారు. తహసీల్ ఆఫీసుకు తిరగడానికి మరాఠీ బాగా రాయగలిగినవాళ్లు ఇంకా ఇద్దరు కావాలి. శనివారం ఐదింటికి స్తంభాలు పాతుతున్నాం. మన ఆవరణలో నేల గట్టిది, గడ్డపారలు ఉన్నవాళ్లు తెచ్చుకోండి. గేటు తాళంచెవి పెద్దల దగ్గరే ఉంది. కూడిక అయిపోగానే అందరం కలిసి అడగడానికి వెళ్దాం.