పేరు మారితే మెరిట్ మారింది
(అంబేద్కర్ జయంతి సభలో చేసిన ప్రసంగ పాఠం)



రిజర్వేషన్ మాట ఎత్తితే చాలు, 'మరి మెరిట్ ఏమైపోవాలి' అని మీద పడతారు. సరే, ఆ మెరిట్‌ని ఏ త్రాసులో తూస్తారో ఇవాళ చూద్దాం. మన ఊళ్లో కాదు, అమెరికాలో, మెదడు మీద పరిశోధన చేసే సైంటిస్టుల దగ్గర. అంతకన్నా మెరిట్ ఉన్న చోటు ఇంకెక్కడుంటుంది?

సైంటిస్టు తాను కనిపెట్టింది పత్రంగా రాసి అచ్చు వేయిస్తాడు. తర్వాత రాసేవాళ్లు తమ పత్రాల్లో 'ఈ సంగతి ఫలానా వారు చెప్పారు' అని ఆయన పేరెత్తుతారు. దాన్నే సైటేషన్ అంటారు. ఎన్ని పత్రాలు, ఎన్నిసార్లు పేరెత్తారు, ఇదీ లెక్క. 2005లో హిర్ష్ అనే ఆయన ఈ లెక్కను ఒక్క అంకెలోకి దించాడు. నీ పత్రాల్లో ఇరవై, ఒక్కొక్కటి కనీసం ఇరవైసార్లు పేరెక్కితే నీ స్కోరు ఇరవై. అంకెకు కులం లేదు, ఆడామగా లేదు అంటారు.

ఇప్పుడు బెన్ బారెస్ సంగతి వినండి. స్టాన్‌ఫర్డ్‌లో ప్రొఫెసర్. 1954లో పుట్టినప్పుడు ఆడపిల్ల అని రాయించారు. నలభై దాటాక, 1997లో, మగవాడిగా మారి బెన్ అని పేరు పెట్టుకున్నాడు. నవ్వేవాళ్లు నవ్వండి. మనల్ని చూసీ నవ్వారు.

ఆడపేరుతో ఎం.ఐ.టి.లో చదివేటప్పుడు, దాదాపు అందరూ మగపిల్లలే ఉన్న పెద్ద క్లాసులో ఎవరికీ రాని లెక్క ఒక్కడే చేశాడు. నీ బాయ్‌ఫ్రెండ్ చేసిచ్చి ఉంటాడు అన్నాడు ప్రొఫెసరు. పిహెచ్.డి. రోజుల్లో ఒక పెద్ద ఫెలోషిప్‌కి పోటీపడ్డాడు. తన పేరున గట్టి పత్రాలు ఆరు. పోటీలో ఉన్న మగవాడికి ఒకటి. రెండు దరఖాస్తులూ చదివిన డీన్ నీదే మేలు అన్నాడు. ఫెలోషిప్ మాత్రం మగవాడికి పోయింది. ఆరు కన్నా ఒకటి పెద్దది! ఇది ఏ బడి ఎక్కమో నాకైతే తెలీదు, ఇన్నేళ్లుగా పాఠాలు చెబుతున్నా.

బెన్‌గా మారిన కొత్తలో ఆయన ఒక సభలో మాట్లాడితే, వీడి పని వీడి అక్కచెల్లెలి పని కన్నా చాలా మేలు అన్నాడట ఒక పెద్దమనిషి. ఆ అక్కచెల్లెలు ఎవరో కాదు, ఆయనే. పత్రాలు అవే, బుర్ర అదే. పేరొక్కటే మారింది. ఇదంతా ఆయనే 2006లో 'నేచర్' పత్రికలో రాశాడు.

ఆయన పరిశోధనా చూడండి. మెదడులో నాడీకణాలే దొరలు, పక్కనుండే గ్లియా కణాలు ఉత్త జిగురు అనుకునేవాళ్లు. గ్లియా అంటేనే జిగురు. నాడీకణాలను విడిగా పెంచితే వాటి మధ్య సంబంధాలు అంతంతమాత్రంగానే ఏర్పడ్డాయి, గ్లియా తోడైతే ఎన్నో రెట్లు పెరిగాయి అని బారెస్, ఆయన విద్యార్థులు చూపించారు. వెట్టి చేసేవాళ్లు లేకపోతే దొర గడీ నడవదని మనకు ముందే తెలుసు, అది వేరే సంగతి.

ఊరుకోలేదాయన. 2004లో అమెరికా ప్రభుత్వ ఆరోగ్య పరిశోధన సంస్థ కొత్తగా పెట్టిన అవార్డు తొమ్మిదిమందికి ఇస్తే తొమ్మిదిమందీ మగవాళ్లే. ఎంపిక చేసినవాళ్లలోనూ మగవాళ్లే ఎక్కువ. ఆయనా ఇంకొందరూ గొడవ చేశారు, ఎంపిక పద్ధతి మారింది. మరుసటేడు 13 మందిలో ఆరుగురు స్త్రీలు. ఒక్క ఏడాదిలో ఆడవాళ్లకు మెరిట్ పుట్టుకొచ్చిందా? 2017లో చనిపోయేదాకా ఆయన ఆ కొట్లాట వదల్లేదు.

మన దేశంలోనూ చూశారు. థోరాట్, అటెవెల్ అనే ఇద్దరు పత్రికల్లో పడ్డ ఉద్యోగ ప్రకటనలకు ఒకే రకం చదువుతో దరఖాస్తులు పంపారు. ఇంటిపేర్లే వేరు. దళిత పేరుకు పిలుపొచ్చే అవకాశం అగ్రకుల పేరుతో పోలిస్తే మూడింట రెండు వంతులు. 2007లో అచ్చయింది. ప్రాక్టికల్స్‌లో, వైవాలో మమ్మల్ని వేరుగా చూస్తున్నారని ఢిల్లీ ఎయిమ్స్‌లో మన పిల్లలు థోరాట్ కమిటీ ముందు చెప్పుకున్నారు.

నా తప్పూ చెబుతా. పేపర్లు దిద్దేటప్పుడు ఊళ్లో పిల్లాడు తప్పు రాస్తే తొందర్లో రాశాడనుకునేవాణ్ణి. మన వాడ పిల్లాడు అదే తప్పు రాస్తే, పాపం వీడికి ఈమాత్రం వచ్చింది చాల్లే అనుకునేవాణ్ణి. మాదిగ ఇంట్లో పుట్టి, కూలికి పోతూ డిగ్రీ చేసిన నేను! ఇప్పుడు పేరు రాయనివ్వను, నంబరే.

వైవాలో నంబరు వేసుకుని కూచోలేం గదా. అక్కడ మొహం చూస్తారు, ఇంటిపేరు అడుగుతారు. అందుకే ఇంటర్వ్యూ బోర్డుల్లో, వైవా బోర్డుల్లో మనవాళ్లు ఎంతమంది ఉన్నారో, ఒక్కో పిల్లాడికి ఏ లెక్కన మార్కులు వేశారో రాతమూలకంగా చెప్పమని యూనివర్సిటీకి మెమొరాండం తయారు చేశాం. కాగితం ఆ బల్ల మీదుంది. సంతకం వచ్చినవాళ్లు సంతకం, రానివాళ్లు వేలిముద్ర.