పరిగ : 'గ్లీన్' అను ఆంగ్లక్రియ



ఆంగ్లమున 'గ్లీన్' అను క్రియ యొకటి కలదు. ప్రాచీన ఫ్రెంచినుండి వచ్చిన యీ మాట నిత్యవ్యవహారమున అరుదు, కావ్యములందు కానవచ్చును. శారదాతీరపు రైతులకు దాని యర్థము క్రొత్తది కాదు. కోత ముగిసి, పనలు కళ్ళమునకు చేరిన పిమ్మట, మడిలో మిగిలిన వెన్నులను వంగి యేరుకొనుట. అదియే పరిగ.

సంస్కృతమునం దింకను సూక్ష్మమైన భేదము కలదు. గింజ గింజగ నేరిన ఉంఛము, వెన్నులుగ నేరిన శిలము. భారతమున ఆశ్వమేధికపర్వమందలి సక్తుప్రస్థుని వృత్తి ఉంఛమే. కరవుకాలమున యవలు సంపాదించి చేసికొన్న పేలపిండిని, ఇంటిల్లిపాదియు పస్తుండి, అతిథికి పెట్టిరి. ఆ చోట సగముమేను బంగారమైన ముంగిస, ధర్మరాజు యాగము ఆ దానమునకు సరిగాదని నిండుసభలో పలికెను.

1611 నాటి ఆంగ్ల బైబిలున రూతు అను విధవరాలు అత్తను పోషించుటకు బోయజు చేనిలో చేసిన పని యీ క్రియయే. తెలుగు బైబిలున 'పరిగె'. పొలపు అంచులను పూర్తిగ కోయక, పరిగెను బీదలకును పరదేశులకును విడువవలెనని మోషే ధర్మశాస్త్రము. అయినను 1788లో ఇంగ్లండు న్యాయస్థానము, పరుల చేనిలో పరిగ యేరుటకు చట్టరీత్యా హక్కు లేదని తీర్పు చెప్పెను. నాటితో బీదల హక్కు యజమాని దయగ మారినది.

కవులు క్రియను చేనినుండి మనసునకు తెచ్చిరి. తన మెదడులోని పంటను కలము ఏరకమునుపే మరణింతునేమో యని కీట్సు 1818లో ఒక పద్యమున భయపడెను. ఆ భయము నిజమై, 1821లో ఇరువదియైదేండ్లకే మరణించెను. మనదేశమున బ్రౌనుదొర తాళపత్రములందు చెదరిన వేమన పద్యములను ఏరి 1829లో అచ్చొత్తించెను. అదియు పరిగయే.

ఈ క్రియకు రెండు ప్రాణములు. ఏరువాడు వంగవలెను, కోసినవాడు కొంత విడువవలెను. అడంగలులో పరిగకు గడి లేదు. లెక్కకెక్కని యా కొన్ని వెన్నులే కొందరికి సంవత్సరపు గ్రాసమున కొంత భాగము.

చదువు పంటను నిండుగ కోసికొనలేకపోయిన వారికి గ్రంథాలయము పరిగచేను. చదివిన పుస్తకమును గడువునకు తెచ్చియిచ్చుట, వెనుక వచ్చువానికి ఒక వెన్ను విడుచుటయే.